మాంటెరే గోల్ఫ్: ఎక్కడ ఆడాలి, ఎంతలో ఆడాలి

శాన్ హోసే, ఫ్రీమాంట్ వైపు తెలుగువాళ్ల ఇళ్లకి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించాల్సిన చోట్లలో మాంటెరే ముందుంటుంది. అక్వేరియం, పదిహేడు మైళ్ల రోడ్డు, బండ మీద ఒంటరిగా నిలిచిన సైప్రెస్ చెట్టు దగ్గర ఫొటో, కార్మెల్ వీధుల్లో కాసేపు షికారు. ఆ రోడ్డు మీద కారు అద్దంలోంచి ఒకపక్క సముద్రం, ఇంకోపక్క పచ్చటి గడ్డి కనిపిస్తూనే ఉంటాయి. ‘ఇవన్నీ కోటీశ్వరుల క్లబ్బులేనా, మనల్ని రానిస్తారా?’ అని వెనకసీట్లోంచి ఎవరో ఒకరు అడుగుతారు. రానిస్తారు. అమెరికాలో అన్నిటికంటే పేరున్న గోల్ఫ్ కోర్సుల్లో ఒకటి ఇక్కడ డబ్బు కట్టినవాళ్లందరికీ తలుపు తీస్తుంది. ఎంత కట్టాలన్నదే అసలు సంగతి.

మనవైపు గోల్ఫ్ అంటే క్లబ్బు. గోల్కొండ నయా ఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు గాని, విశాఖ ఈస్ట్ పాయింట్ గాని సభ్యులకీ వాళ్ల అతిథులకీ చెందినవన్న అభిప్రాయమే జనంలో ఉంది. అమెరికాలో ఎక్కువ కోర్సులు ఎవరైనా ఫీజు కట్టి ఆడుకునేవే. వాటిలో కొన్ని మునిసిపాలిటీలవి, కొన్ని రిసార్టు కంపెనీలవి, ఇంకొన్ని సభ్యులు, బయటివాళ్లు వేళలు పంచుకుని ఆడేవి. శాంటా క్రూజ్ నుంచి కార్మెల్ దాకా యాభై మైళ్లలోపు తీరంలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. గోల్ఫ్ పత్రికల వార్షిక జాబితాలు వీటన్నిటినీ ఒకే గాటన కట్టేసి, అందాన్నీ అక్కడ జరిగిన టోర్నమెంట్లనీ చూసి వరసలు ఇస్తాయి. జేబు సంగతి వాటికి పట్టదు. సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో ఆడే మనిషికి ఆ వరస చాలదు. తీరం ఎంత దగ్గరగా కనిపిస్తుంది, కోర్సు ఎంత తెలివిగా గీశారు, ఆడే వేళ దొరకడం ఎంత కష్టం, చేతి చమురు ఎంత వదులుతుంది, ఈ నాలుగూ కలిపి చూడాలి. అలా చూస్తే వరస బాగానే తారుమారవుతుంది.

ముందుగా పెబుల్ బీచ్. దాన్ని దాటవేసి ఈ తీరం గురించి ఏమీ రాయలేం. 1919కి ముందు ఈ కొండచరియల్ని ఇళ్ల స్థలాలుగా విడగొట్టి అమ్మాలన్నది రైల్వే యజమానుల ఆలోచన. టెలిగ్రాఫ్ కనిపెట్టిన మోర్స్ బంధువు, అదే పేరున్న శామ్యూల్ ఎఫ్. బి. మోర్స్ ఆ ఆలోచన మార్పించాడు. సముద్రం పక్క స్థలాన్ని ఆటకి ఉంచితే వెనకున్న స్థలాల ధర దానంతటదే పెరుగుతుందని ఆయన లెక్క. కోర్సు గీసే పని జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ అనే ఇద్దరు ఔత్సాహిక ఆటగాళ్లకి అప్పగించాడు. వాళ్లు అంతకుముందు ఒక్క కోర్సు కూడా కట్టలేదు. నెవిల్ దారిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, వీలైనన్ని హోల్స్ నీళ్ల అంచుకి తెచ్చాడు. ఆ ఒక్క ఆలోచనే పెబుల్ బీచ్ కీర్తికంతటికీ మూలం.

నాలుగో హోల్ నుంచి పదో హోల్ దాకా ఆడితే ఈ కోర్సుకి అంత పేరు ఎందుకొచ్చిందో వివరించక్కర్లేదు. ఏడోది నూటపది గజాలు కూడా లేని చిన్న హోల్. గాలి లేని రోజున పిల్లలాట. గాలి ఎదురుగా లేస్తే ప్రొఫెషనల్స్ కూడా చేతిలో ఏ క్లబ్ పట్టుకోవాలో తేల్చుకోలేరు. ఎనిమిదో హోల్లో రెండో షాట్ కొండచరియ మీంచి సముద్రపు చీలిక దాటించి కొట్టాలి. పద్దెనిమిదోది కార్మెల్ అఖాతాన్ని ఒరుసుకుంటూ ఎడమకి వంగుతుంది. అయితే మొదటి మూడు హోల్స్, పదకొండు నుంచి పదహారు దాకా ఉన్నవీ ఇంకోచోట ఉంటే వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరని నా అభిప్రాయం. ఆరువందల డాలర్లు పోసినవాడికి ఈ మాట రుచించదు.

అవును, గ్రీన్ ఫీజు ఆరువందల డాలర్లు దాటి చాలాకాలమైంది. బండి, కాడీ, బక్షీసు దానికి అదనం. ముందుగా వేళ ఖాయం చేసుకోవాలంటే పెబుల్ బీచ్ కంపెనీ హోటల్లో రెండు రాత్రులు దిగాలి. దిగనివాళ్లు ఒకరోజు ముందు ఫోన్ చేసి, మిగిలిపోయిన వేళ ఏదైనా ఉందేమో కనుక్కోవాలి. ఒంటరిగా వెళ్లేవాడికి ఈ పద్ధతిలో అదృష్టం కలిసిరావచ్చు. నలుగురు మిత్రులు కలిసి వెళితే కష్టం.

ఇంత ఖరీదైనా తలుపు తెరిచి ఉండడానికి కారణం యజమానుల ఉదారత కాదు. 1990లో జపాన్ వ్యాపారి మినోరు ఇసుతాని 80 కోట్ల డాలర్లకు పైగా పోసి పెబుల్ బీచ్ కంపెనీని కొన్నాడు. లక్షల డాలర్లకి ఒక్కో సభ్యత్వం అమ్మి ఆ అప్పు తీర్చాలనుకున్నాడు. సభ్యులొస్తే మామూలు జనానికి వేళలు దొరకవని కాలిఫోర్నియా కోస్టల్ కమిషన్ అడ్డుపడింది. పథకం కూలింది, 1992లో ఆయన కంపెనీని భారీ నష్టానికి అమ్ముకున్నాడు. 1999లో పీటర్ యూబెరాత్, క్లింట్ ఈస్ట్‌వుడ్, ఆర్నాల్డ్ పామర్ ఉన్న బృందం 82 కోట్లకి దాన్ని కొంది. తీరం జనానిదన్న సూత్రం మీద 1970లలో కాలిఫోర్నియా చేసుకున్న చట్టం లేకపోతే ఈ వ్యాసంలో పెబుల్ బీచ్ పేరు ఉండేది కాదు.

చరిత్ర కావలసినవాళ్లకి ఇక్కడ కొదవ లేదు. 1972, 1982, 1992, 2000, 2010, 2019ల్లో యు.ఎస్. ఓపెన్ ఇక్కడే జరిగింది. 1972లో పదిహేడో హోల్లో జాక్ నిక్లాస్ కొట్టిన బంతి జెండా కర్రని తాకి పక్కనే ఆగింది. పదేళ్ల తర్వాత అదే హోల్లో టామ్ వాట్సన్ గడ్డిలోంచి నేరుగా గుంటలో వేసి నిక్లాస్ చేతిలోంచి కప్పు లాక్కున్నాడు. 2000లో టైగర్ వుడ్స్ పదిహేను స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఈ కోర్సు చూడడానికి ఆరువందలు కట్టక్కర్లేదు. పెబుల్ బీచ్ చుట్టూ ఉన్న అడవి గేటు దగ్గర కారు రుసుము కట్టి లోపలికి వెళ్లి, లాడ్జి వెనక పద్దెనిమిదో గ్రీన్ పక్కన నిలబడి ఆటగాళ్లని చూడొచ్చు. అమ్మానాన్నలతో వెళ్లినవాళ్లకి నా సలహా అదే.

అదే కంపెనీది స్పైగ్లాస్ హిల్. 1966లో రాబర్ట్ ట్రెంట్ జోన్స్ సీనియర్ గీసిన ఈ కోర్సు హోల్స్‌కి ‘ట్రెజర్ ఐలాండ్’ నవల్లోని పాత్రల పేర్లు, జాగాల పేర్లు పెట్టారు. ఆ నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1879లో మాంటెరేలో కొంతకాలం ఉన్నాడు. మొదటి ఐదు హోల్స్ ఇసుక దిబ్బల మధ్య, సముద్రపు గాలిలో. ఆరో హోల్ నుంచి దారి పైన్ చెట్ల అడవిలోకి ఎక్కుతుంది, మళ్లీ సముద్రం దగ్గరికి రాదు. అందుకే ఫొటోల కోసం వచ్చినవాళ్లు నిరాశపడతారు. ఆటగా చూస్తే మాత్రం పద్దెనిమిది హోల్స్‌లో ఒక్కటీ తేలికగా వదలదు. పెబుల్ బీచ్ కంటే ఇదే మెరుగైన కోర్సు అనేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. ధర నాలుగువందలు దాటుతుంది కనుక ఏకీభావం కూడా ఖరీదైనదే.

స్పానిష్ బే 1987 నాటిది. ఇసుక తవ్వకాలతో బోసిపోయిన నేలకి ఇసుక తిరిగి తెచ్చి పోసి, దిబ్బలు కట్టి, స్థానిక మొక్కలు నాటి చేసిన కోర్సు. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్, టామ్ వాట్సన్, శాండీ టాటం కలిసి గీశారు. స్కాట్లండ్ తీరపు కోర్సుల్లా ఉండాలన్నది కోరిక. సాయంత్రం బ్యాగ్‌పైప్ వాయిద్యం కూడా వినిపిస్తారు. వాయిద్యం బాగుంటుంది. దీన్ని గిల్ హాన్స్ చేత మళ్లీ గీయించాలని కంపెనీ నిర్ణయించింది కనుక, ప్రయాణం పెట్టుకునే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి.

ఈ కంపెనీ 18 హోల్స్ కోర్సుల్లో అతి చవక డెల్ మాంటె. 1897లో మొదలై నేటి దాకా ఆగకుండా నడుస్తోంది. మిసిసిపీ నదికి పడమట అంత పాత కోర్సు ఇంకోటి లేదంటారు. సముద్రం కనిపించదు, ఓక్ చెట్లు, చదును నేల. నడకకి సుఖం. కొత్తగా నేర్చుకునేవాళ్లు, సముద్రపు గాలికి భయపడేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది.

పిల్లలతో వెళ్లేవాళ్లకి పెబుల్ బీచ్ పక్కనే ‘ది హే’ ఉంది. 2021లో టైగర్ వుడ్స్ గీసిన తొమ్మిది చిన్న హోల్స్. రెండోది పెబుల్ బీచ్ ఏడో హోల్‌కి నకలు. తెలుగు పిల్లలు ఇప్పుడు హైస్కూలు గోల్ఫ్ జట్లలో కనిపిస్తున్నారు, సాహిత్ తీగల పేరు తెలియని తెలుగు గోల్ఫ్ కుటుంబం కాలిఫోర్నియాలో ఉండకపోవచ్చు. సాహిత్ తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు. దక్షిణ కాలిఫోర్నియా చైనో హిల్స్‌లో పెరిగి, పెపర్‌డైన్ యూనివర్సిటీకి ఆడి, 2023 సెప్టెంబరులో నాపాలో తన తొలి పి.జి.ఎ. టూర్ టైటిల్ గెలిచాడు. వాళ్లబ్బాయిలాగే మావాడూ అని మొదటిరోజే పెబుల్ బీచ్‌కి పరిగెత్తక్కర్లేదు.

అడవిలో ఇంకొక కోర్సు కథ వేరు. పాపీ హిల్స్ యజమాని కంపెనీ కాదు, ఔత్సాహిక ఆటగాళ్ల సంఘమైన నార్తర్న్ కాలిఫోర్నియా గోల్ఫ్ అసోసియేషన్. 1986లో తెరిచారు. ఐదేళ్లకి దానికి అనుకోని పెద్దరికం దక్కింది. బింగ్ క్రాస్బీ మొదలుపెట్టిన ప్రో-యామ్ టోర్నమెంటు 1947 నుంచి మాంటెరే ద్వీపకల్పంలో జరుగుతోంది, అందులో సైప్రెస్ పాయింట్ అనే ప్రైవేటు క్లబ్బు ఒక వేదికగా ఉండేది. 1990లో నల్లవాళ్లకి సభ్యత్వం ఇవ్వని క్లబ్బుల మీద దుమారం రేగింది. సభ్యత్వ విధానం మార్చుకోని చోట టోర్నమెంట్లు పెట్టేది లేదని పి.జి.ఎ. టూర్ అంది. సైప్రెస్ పాయింట్ తప్పుకుంది, 1991 నుంచి 2009 దాకా ఆ చోటు పాపీ హిల్స్‌దైంది. తీరంలోకెల్లా అందమైన కోర్సు తలుపు వేసుకుని కూర్చుంటే, అందరికీ తెరిచిన అడవి కోర్సుకి పిలుపు రావడం నాకు నచ్చిన ముచ్చట.

పాపీ హిల్స్‌ని 2013లో మూసి, నేల పొరల దాకా తిరగదోడి, నీళ్లు కోరే గడ్డిని బాగా తగ్గించి 2014లో మళ్లీ తెరిచారు. పొడవాటి గడ్డి దాదాపు లేదు. ఫెయిర్‌వే పక్కన తిన్నగా ఇసుక, పైన్ ఆకులు. అంతకుముందు అడుగడుగునా మెలికలతో చిరాకు పెట్టిన కోర్సు ఇప్పుడు హాయిగా నడిచే కోర్సైంది. సంఘంలో చేరినవాళ్లకి ఫీజు బాగా తగ్గుతుంది. ఆ సభ్యత్వానికి సిఫార్సులు అక్కర్లేదు, బే ఏరియాలో నెలకోసారైనా ఆడే ఎవరికైనా లాభమే.

ఇక నా మనసుకి దగ్గరైన పసిఫిక్ గ్రోవ్. ఈ ఊరే ఒక విచిత్రం. 1875లో మెథడిస్టు క్రైస్తవులు వేసవి ప్రార్థనల కోసం గుడారాలు వేసుకున్న చోటు ఊరైంది. 1969 దాకా ఇక్కడ మద్యం అమ్మనివ్వలేదు. శీతాకాలంలో మొనార్క్ సీతాకోకచిలుకలు వచ్చి చెట్లకి వేలాడతాయి. గోల్ఫ్ కోర్సు మునిసిపాలిటీది. దీన్ని పేదవాడి పెబుల్ బీచ్ అంటారు. ఆ పేరులో కొంత చిన్నచూపు ఉంది, అది అనవసరం.

మొదటి తొమ్మిది హోల్స్‌ని 1932లో చాండ్లర్ ఈగన్ గీశాడు. 1904 ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవాడు, ఈ పనికి కొద్దికాలం ముందే పెబుల్ బీచ్‌కి మెరుగులు దిద్దినవాడు. ఈ తొమ్మిదీ ఇళ్ల మధ్య, చెట్ల మధ్య సాగుతాయి. ఆట మొదలే వరసగా రెండు చిన్న పార్-3 హోల్స్, కండరాలు వేడెక్కకముందే స్కోరు కార్డు పాడవుతుంది. జింకలు ఫెయిర్‌వే మధ్యలో పడుకుని ఉంటాయి. బంతి పక్కన పడ్డా లేవవు. స్థానికులు వాటిని చుట్టి ఆడతారు, కొత్తవాళ్లు ఫోన్ తీస్తారు.

రెండో తొమ్మిది 1960లో వచ్చింది. గీసింది జాక్ నెవిల్. పెబుల్ బీచ్ గీసిన నలభై ఏళ్లకి అదే మనిషి, అదే సముద్రం. పాయింట్ పినోస్ లైట్‌హౌస్ 1855 నుంచి వెలుగుతోంది, పడమటి తీరంలో ఆగకుండా నడుస్తున్నవాటిలో అతి పాతది. దాని చుట్టూ ఇసుక దిబ్బల మీద హోల్స్ తిరుగుతాయి. ఐస్ ప్లాంట్ అనే నీరుపట్టిన ఆకుల తీగ దిబ్బల మీద పరుచుకుని ఉంటుంది. అందులో పడ్డ బంతిని కొట్టబోతే మణికట్టు పట్టేస్తుంది. చేత్తో తీసి పెనాల్టీ స్ట్రోకు వేసుకోవడం తెలివైన పని. మొత్తం పొడవు ఆరువేల గజాలు కూడా లేదు, పార్ 70. దూరం కొట్టలేని పెద్దవాళ్లూ ఆడగలరు. మధ్యాహ్నం గాలి లేచిందంటే ఆ కొద్దిపాటి దూరమే చాలా దూరమవుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గ్రీన్ల మీద గడ్డి పెబుల్ బీచ్‌లోలా నున్నగా ఉండదు. టీ బాక్సులు అరిగిపోయి కనిపిస్తాయి. శనివారం ఆట ఐదు గంటలు పట్టొచ్చు. కానీ ఫీజు పెబుల్ బీచ్ ఫీజులో ఐదో వంతు కూడా కాదు. చూపు ఆనే సముద్రం అదే, ఊపే గాలి అదే.

మాంటెరేకి ఉత్తరాన సీసైడ్ ఊళ్లో బేయొనెట్, బ్లాక్ హార్స్ జంట కోర్సులు ఉన్నాయి. ఫోర్ట్ ఆర్డ్ సైనిక స్థావరం ఉన్న రోజుల్లో సైనికుల కోసం కట్టినవి. బేయొనెట్ 1954లో జనరల్ రాబర్ట్ మెక్‌క్లూర్ వేయించింది. ఆయన ఎడమచేతి ఆటగాడు, కొట్టిన బంతి ఎడమకి వంగిపోయేది. పదకొండు నుంచి పదిహేను దాకా ఎడమకి మెలి తిరిగే హోల్స్ ఆయన సౌకర్యం కోసమేనని ప్రతీతి. ఆ మలుపులకి ‘కంబాట్ కార్నర్’ అని పేరు. స్థావరం 1994లో మూతపడింది, కోర్సులు సీసైడ్ నగరం చేతికొచ్చాయి, 2008 నాటికి జీన్ బేట్స్ రెండింటినీ కొత్తగా చేశాడు. సముద్రం కాస్త దూరంగా, ఎత్తు మీంచి కనిపిస్తుంది. అందంలో వెనకబడినా కష్టంలో స్పైగ్లాస్‌కి సాటి. హ్యాండిక్యాప్ తక్కువున్న కుర్రవాళ్లకి ఈ ధరలో ఇంత పరీక్ష పెట్టే కోర్సు చుట్టుపక్కల లేదు.

అఖాతానికి అవతలి కొసన, శాంటా క్రూజ్‌లో పాసాటియెంపో. దీన్ని కట్టించింది మారియన్ హాలిన్స్. 1921 యు.ఎస్. మహిళా అమెచ్యూర్ విజేత, భూముల వ్యాపారి, చమురు బావుల్లో లక్షలు సంపాదించిన మనిషి. సైప్రెస్ పాయింట్ రూపకల్పనలోనూ ఆమె చెయ్యి ఉంది. పాసాటియెంపో గీయడానికి అలిస్టర్ మెకెంజీని తెచ్చారు. 1929 సెప్టెంబరులో ప్రారంభం నాడు బాబీ జోన్స్ ఆడాడు. అతను ఆ వారం ఖాళీగా ఉండడానికి కారణం, పెబుల్ బీచ్‌లో జరిగిన యు.ఎస్. అమెచ్యూర్ మొదటి రౌండులోనే జానీ గుడ్‌మన్ అనే కుర్రవాడి చేతిలో ఓడిపోవడం. మెకెంజీ పనితనం ఇక్కడ దగ్గరుండి చూశాక, అగస్టా నేషనల్ గీయడానికి జోన్స్ ఆయన్నే పిలిచాడు. అగస్టాలో మామూలు మనిషి ఆడలేడు. అదే చేతి పని పాసాటియెంపోలో ఫీజు కట్టి ఆడొచ్చు. మెకెంజీ ఆరో ఫెయిర్‌వే పక్కన ఇల్లు కట్టుకుని 1934లో అక్కడే పోయారు. హాలిన్స్ ఆర్థిక మాంద్యంలో ఆస్తి పోగొట్టుకుని 1944లో కన్నుమూశారు.

కొండ వాగులు, లోతైన బంకర్లు, వాలుగా జారే గ్రీన్లు. ఎక్కడ బంతి దించాలన్నది ముందే ఆలోచించనివాడిని ఈ కోర్సు శిక్షిస్తుంది. ధర పసిఫిక్ గ్రోవ్ కంటే ఎక్కువ, పెబుల్ బీచ్ కంటే బాగా తక్కువ. ఒక్కసారి మాత్రమే ఎక్కువ డబ్బు పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి అంటాను. సముద్రం దూరంగా కనిపిస్తుందన్న వెలితి రెండో హోల్ దాకానే ఉంటుంది.

నీళ్ల విషయం ఎత్తకుండా ఈ సమీక్ష ముగించడం న్యాయం కాదు. కార్మెల్ నదిలోంచి పరిమితికి మించి తోడుతున్నారని 1995లో రాష్ట్రం నీటి కంపెనీని కట్టడి చేసింది. ఆ నదిలో స్టీల్‌హెడ్ చేపల సంతతి అడుగంటుతోంది. ఇళ్లలో జనం బకెట్లు లెక్కపెట్టుకునే చోట గోల్ఫ్ గడ్డికి మంచినీళ్లు పోయడాన్ని ఎవరూ సహించరు. 1994 నుంచి పెబుల్ బీచ్ అడవి కోర్సులకి శుద్ధిచేసిన మురుగునీరు ఇవ్వడం మొదలైంది. ఉప్పు ఎక్కువై గ్రీన్లు మాడిపోతుంటే శుద్ధి పద్ధతిని ఇంకా మెరుగుపరిచారు. పసిఫిక్ గ్రోవ్ కూడా కోర్సుకీ పక్కనున్న శ్మశానానికీ అలాంటి నీళ్లే పెడుతోంది. కొత్త కోర్సు కోసం సుమారు 17 వేల మాంటెరే పైన్ చెట్లు కొట్టే పథకాన్ని 2007లో కోస్టల్ కమిషన్ తిప్పికొట్టింది. కార్మెల్ లోయలో రాంచో కన్యాడా అనే పబ్లిక్ కోర్సు మూతపడి పాలో కరోనా పార్కులో కలిసిపోయింది. అది చవక కోర్సు, ఆడేవాళ్లకి లోటే. నదికి మాత్రం మేలు జరిగింది. ఈ తీరంలో ఇకపై కొత్త కోర్సు వస్తుందని నేననుకోను. ఉన్నవాటిని ఆడుకోవడమే.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ పొగమంచు, చలి. సెలవులు కదా అని టీషర్టుతో వెళితే వణుకుతారు. సెప్టెంబరు, అక్టోబరు అసలైన ఎండ నెలలు. గాలి మధ్యాహ్నానికి పెరుగుతుంది కనుక ఉదయపు వేళ ఖరీదైనా మంచిది. డబ్బు చూసుకునేవాళ్లు సాయంత్రపు తగ్గింపు ధరకి ఆడొచ్చు. 2027 జూన్‌లో యు.ఎస్. ఓపెన్ మళ్లీ పెబుల్ బీచ్‌కి వస్తోంది. ఆ ముందువెనకల గదులూ రోడ్లూ కిటకిటలాడతాయి. రెండు రోజులుంటే ఒకరోజు పాసాటియెంపో, ఒకరోజు పసిఫిక్ గ్రోవ్. ఒక్కరోజే ఉంటే పసిఫిక్ గ్రోవ్. వేళ ముందుగానే బుక్ చేసుకోండి, చలికోటు మరవకండి.